గండికోట దారిలో మా పల్లెకు హైమాస్ట్ లైట్లు వస్తున్నాయి: చుక్కలు పోకుండా వెలుగు తెచ్చుకునే దారి ఉందా?

పెన్నా గట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారికి కొంచెం లోపలగా ఉండే పల్లె. ఊళ్లో ఇంకా తేలని విషయం కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. నాలుగెకరాల నల్లరేగడి ఉంది, శనగ వేస్తాను. మిద్దె మీద రెండు గదులు కట్టి కోట చూడటానికి వచ్చేవాళ్లకు అద్దెకిస్తున్నాను.

వచ్చే గ్రామసభలో రెండు హైమాస్ట్ లైట్లకు తీర్మానం పెట్టబోతున్నారు. ఒకటి రచ్చబండ దగ్గర, ఒకటి బస్సు ఆగే చోట. 16 మీటర్ల స్తంభం, తల చుట్టూ ఆరు ఫ్లడ్ లైట్లు, ఒక్కోటి 200 వాట్లు. రచ్చబండ దగ్గరి స్తంభం మా మిద్దెకు నూటయాభై అడుగుల దూరంలో పడుతుంది.

నాకు ఎందుకింత బాధ అంటే, కొంచెం వెనక్కి పోయి చెప్పాలి. చిన్నప్పుడు ఎండాకాలం మిద్దె మీదే పడక. మా జేజి పక్కన పడుకోబెట్టుకుని అదిగో మంచంకోళ్లు, అదిగో పిల్లలకోడి అని వేలితో చూపించేది. వేగుచుక్క పొడిచిందంటే ఆమె లేచి పాలు పితకడానికి పోయేది. గడియారం ఉన్నా దాన్ని చూసేది కాదు. ఆ తరవాత చదువు, పెళ్లి, పొలం, అప్పులు. ముప్పై ఏళ్లు నేను తల ఎత్తి చూసిందే లేదు.

2018లో బెంగళూరు నుంచి అయిదుగురు పిల్లలు ఒక అమావాస్యకు వచ్చి, మా కళ్లంలో టెలిస్కోపు పెట్టుకుంటామని అడిగారు. పెట్టుకోమన్నాను. మార్చి నెల. తెల్లవారుజామున నాలుగింటికి నన్ను లేపి, దక్షిణం వైపు చూడమన్నారు. వృశ్చికం కొండ మీద నిలబడి ఉంది. జ్యేష్ఠ నక్షత్రం ఎర్రగా, దాని ఎడమ పక్కన పాలపుంత మేఘంలా పైకి లేస్తోంది. వాళ్లలో ఒక పాప ఇంకో చుక్క వైపు టెలిస్కోపు తిప్పి చూడమంది. ఒమెగా సెంటారీ అంటారట. నల్ల గుడ్డ మీద గుప్పెడు ఉప్పు పోసినట్టు ఉంది, అంచుల దగ్గర ఒక్కో రవ్వా విడివిడిగా కనిపించింది. కంటికి చిన్న మసకలా ఉండేదాంట్లో లక్షల నక్షత్రాలు ఉన్నాయని ఆ పాప చెప్పింది. నేను చాలాసేపు కన్ను తీయలేదు. వాళ్లు కూడా తొందర పెట్టలేదు.

ఆ తరవాత ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అమావాస్య దగ్గరి శని, ఆదివారాలు నా రెండు గదులూ ఖాళీ ఉండవు. మిగతా రోజుల్లో కోట చూసినవాళ్లు సాయంత్రానికే వెళ్లిపోతారు. రాత్రి ఉండాలంటే రాత్రి చూడటానికి ఏదో ఉండాలి కదా. మా వీధిలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చినవాళ్లకు రాగి సంగటి, నాటుకోడి పులుసు వండి పెట్టి నాలుగు డబ్బులు చూస్తున్నారు. అంటే ఈ చీకటి ఒక్క నా ఇంటికే కాదు, మూడు ఇళ్లకు కూడు పెడుతోంది.

అవతలి వైపు కూడా దాచకుండా చెప్తాను. పోయిన శ్రావణంలో మా వదిన రాత్రి ఎనిమిదింటికి డెయిరీలో పాలు పోసి వస్తూ మురికి కాలవలో పడింది. మణికట్టు విరిగి రెండు నెలలు కట్టుతో ఉంది. ఆ సందులో ఉన్న ఒక్క దీపమూ అప్పటికి మూడు నెలలుగా వెలగడం లేదు. ఇప్పుడు హైమాస్ట్ కావాలని అందరికంటే గట్టిగా అడుగుతున్నది ఆమే. "నీ చుక్కలు నాకు దారి చూపించలేదు మరిదీ" అంది. నా దగ్గర జవాబు లేదు.

దీనికి తోడు గండికోటకు ఇప్పుడు కాలం కలిసొచ్చింది. 2024లో కేంద్రం పర్యాటక అభివృద్ధికి దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. మంచిదే. రోడ్లు, నీళ్లు, మరుగుదొడ్లు కావాల్సిందే, మా పిల్లలకు పనులు కావాల్సిందే. కానీ దారిలో కొత్తగా వచ్చిన ఒక రిసార్టు వాళ్లు ఆకాశంలోకి తిరిగే లైటు పెట్టారు. మా కళ్లంలో నిలబడితే రాత్రి పదిన్నర దాకా అది మబ్బుల మీద తిరుగుతూ కనిపిస్తుంది. ఒకరిని చూసి ఒకరు మొదలుపెడితే అయిదేళ్లలో ఇక్కడి ఆకాశం ప్రొద్దుటూరు ఆకాశంలా అవుతుంది.

గ్రామసభలో లేచి "లైట్లు వద్దు" అనను. అనే హక్కు కూడా నాకు లేదు. వదిన కాలవలో పడకుండా, చుక్కలు పోకుండా చేసుకునే మార్గం ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పంచాయతీ వాళ్లకు అర్థమయ్యే మాటల్లో, ఖర్చుతో సహా చెప్తే ఇంకా మేలు.

---

పులివెందుల కోడలు:

అన్నా, నేను ఆశా వర్కర్‌ని. మీరు బాధపడతారేమో, అయినా చెప్పాల్సింది చెప్తాను. నాకు తెలిసి కాన్పు నొప్పులు ఎక్కువగా రాత్రే వస్తాయి. ఫోన్ లైటు నోట్లో కరుచుకుని, ఒక చేత్తో నొప్పులు పడే పిల్లను పట్టుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని అంబులెన్సు దాకా నడిపించిన రాత్రులు నాకు ఎన్నో ఉన్నాయి. రెండేళ్ల కింద మా ఊళ్లో ఒక అమ్మాయిని బహిర్భూమికి పోయినప్పుడు రక్తపింజర కరిచింది. బతికింది, కానీ కాలు ఇప్పటికీ సరిగా లేదు. కాబట్టి చీకటి అందం గురించి మాట్లాడే ముందు ఆ చీకట్లో నడిచేదెవరో చూడాలి. మీరు చూశారు, వదిన మాట రాశారు. అందుకే జవాబిస్తున్నాను.

ఇంకో మాట. మా ఊళ్లో హైమాస్ట్ వేసి మూడేళ్లయింది. రచ్చబండ పట్టపగలులా ఉంటుంది. అక్కడ కూర్చునేది మగవాళ్లు, పేకాట. మేం నడిచే సందుల్లోకి ఆ వెలుగు రాదు, ఇళ్ల గోడలు అడ్డం. పైగా ఆ వెలుగులోంచి సందులోకి తిరిగితే ఒక నిమిషం పాటు కళ్లకు ఏమీ కనిపించదు, ముందుకన్నా చీకటి అనిపిస్తుంది. మీ వదిన పడిన కాలవ దగ్గరికి ఈ స్తంభం వెలుగు వస్తుందా? ముందు అది చూడండి. పగలు వెళ్లి, ఆమెనే వెంటబెట్టుకుని, ఎక్కడెక్కడ దీపం కావాలో ఆమె చెప్పిన చోట సున్నంతో గుర్తు పెట్టండి. గ్రామసభలో మీరు కాదు, ఆమె మాట్లాడాలి.

---

ప్రొద్దుటూరు కరెంటు:

వీధి దీపాల పనులు చేయించే సూపర్‌వైజర్‌గా ఇరవై రెండేళ్ల అనుభవం. లెక్క చెప్తాను, రాసుకోండి.

రెండు హైమాస్ట్‌లు అంటే 2,400 వాట్లు. రాత్రికి 11 గంటలు వెలిగితే 26.4 యూనిట్లు. నెలకు 790 దాకా. అదే 20 వాట్ల ఎల్ఈడీ దీపాలు 40 వేస్తే 800 వాట్లు, రాత్రికి 8.8 యూనిట్లు, నెలకు 264. మీ ఊరు 40 దీపాలు పట్టేంత పెద్దదో కాదో నాకు తెలియదు, కానీ మూడో వంతు కరెంటుతో ప్రతి సందులోనూ వెలుగు ఉంటుంది. వీధి దీపాల కరెంటు బకాయిలు పంచాయతీలకు ఎంత తలనొప్పో సర్పంచ్‌ను అడిగితే ఆయనే చెప్తారు. ఈ లెక్క ఆయనకు మీ చుక్కల కన్నా త్వరగా ఎక్కుతుంది.

ఇక ఆకాశం సంగతి. మన ఊళ్లలో స్తంభానికి బిగించే పైపు పైకి వంచి ఉంటుంది. దీపం మొహం రోడ్డు వైపు కాకుండా ఎదురింటి కిటికీ వైపు చూస్తుంది. పైపు చదును చేయించి, దీపం నేలకు సమాంతరంగా, గాజు కిందికి ఉండేలా బిగిస్తే పైకి పోయే వెలుగు దాదాపు ఉండదు. దీనికి కొత్త సామాను అక్కర్లేదు, కొత్త వంపు చాలు. ఫ్లడ్ లైటుతో చిక్కేమిటంటే, దూరం దాకా వెలుగు కొట్టాలని దాన్ని అడ్డంగా తిప్పుతారు. అలా అడ్డంగా, కొద్దిగా పైకి పోయే వెలుగే గాలిలో ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. పది మైళ్ల అవతల ఆకాశం తెల్లగా కనిపించేది దాని వల్లే.

రంగు కూడా చూడండి. టెండర్‌లో మామూలుగా 6500 కెల్విన్ అని రాస్తారు, అంటే నీలం కలిసిన తెలుపు. నీలం వెలుగు గాలిలో ఎక్కువ చెదురుతుంది, పగటి ఆకాశం నీలంగా ఉండటానికి కారణం అదే. 3000 కెల్విన్ లేదా ఇంకా తక్కువ అడగండి. పసుపుగా, పాత బల్బులా ఉంటుంది. ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తీర్మానంలో వాట్లు మాత్రమే రాసి ఊరుకుంటే గోడౌన్‌లో ఏది మిగిలితే అది తెచ్చి బిగిస్తారు. కెల్విన్, వంపు లేకుండా బిగింపు, టైమర్, మూడేళ్ల మెయింటెనెన్స్ అన్నీ కాగితం మీద ఉండాలి. అసలు మీ వదిన పడింది దీపం లేక కాదు, ఉన్న దీపం మూడు నెలలు ఎవరూ మార్చక. ఆ మాట సభలో తప్పక ఎత్తండి.

ఇంకోటి, మీకు తెలియనిది కాదు. తొలి వానల తరవాత వేరుశనగ చేలల్లో ఎర్ర గొంగళి రెక్కల పురుగుల్ని పట్టడానికి దీపపు ఎరలు పెడతాం. చేను పక్కన 1,200 వాట్ల దీపం ఉంటే చుట్టుపక్కల పురుగులన్నీ ఊరి అంచుకు వస్తాయి. రైతులకు ఇది చెప్తే వింటారు.

---

పాత ఉస్మానియా:

మీ ప్రశ్న చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఉస్మానియాలో ఖగోళశాస్త్రం చదివినవాణ్ణి. ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్ అని మా అబ్జర్వేటరీ ఉండేది, భవనం ఇప్పటికీ ఉంది. అంతకు ముందు నిజామియా అబ్జర్వేటరీ బేగంపేట దగ్గర ఉండేది. ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు తండ్రి పనిచేసింది అక్కడే, బప్పు నిజాం కాలేజీ విద్యార్థి. నగరం పెరిగి అక్కడ చూడటం కుదరకపోతే ఊరికి దూరంగా రంగాపూర్ గుట్టలు ఎంచుకున్నారు. 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. ఆ రోజుల్లో దేశంలోనే పెద్దది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణానికి దేశం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చారు.

గుమ్మటం తలుపు తెరవడానికి గొలుసు లాగే పని మాకు, విద్యార్థులకు ఇచ్చేవాళ్లు. చలికాలం ఆ ఇనుప గొలుసు పట్టుకుంటే చేయి జివ్వుమనేది. తలుపు తెరుచుకున్నాక లోపలికి వచ్చే చీకటి మామూలు చీకటి కాదు, చుక్కలతో నిండిన చీకటి. నేను చదువు ముగించే నాటికే వాయవ్యంలో, హైదరాబాద్ వైపు, ఒక తెల్లటి గోపురం లేచింది. ఏటేటా అది పైకి పాకింది. మొదట ఆ దిక్కున మసక చుక్కల్ని జాబితా నుంచి కొట్టేశాం. తరవాత ఆ దిక్కునే కొట్టేశాం. మొదటిసారి పారిపోయి రంగాపూర్ వచ్చాం, రెండోసారి పారిపోవడానికి చోటు లేకపోయింది.

దీనిలో ఎవరి కుట్రా లేదు. ఎవరూ అబ్జర్వేటరీని చంపాలనుకోలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క దీపం పెట్టుకున్నారు, అంతే. మీరు స్తంభం లేవక ముందే అడుగుతున్నారు. మాలో ఎవరూ అప్పట్లో ఒక్క గ్రామసభకైనా వెళ్లలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

---

మైదుకూరు టు ఆస్టిన్:

అన్నా, మాది మైదుకూరు, ఇప్పుడు టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గర లియాండర్‌లో ఉంటున్నాం. ఆస్టిన్‌కు పడమర డ్రిప్పింగ్ స్ప్రింగ్స్ అని చిన్న ఊరుంది. 2014లో అంతర్జాతీయ డార్క్ స్కై గుర్తింపు, అంటే రాత్రి ఆకాశాన్ని చీకటిగా కాపాడుకునే ఊళ్లకు ఇచ్చేది, తెచ్చుకుంది, టెక్సాస్‌లో ఆ గుర్తింపు వచ్చిన మొదటి ఊరు అదే. ఆ ఊరికి ఇంకో పేరుంది, టెక్సాస్ పెళ్లిళ్ల రాజధాని అని. అంటే వ్యాపారం లేని ఊరు కాదు. పెళ్లి మండపాలు, హోటళ్లు, పెట్రోలు బంకులు అన్నీ ఉన్నాయి. పోయిన నెల ఒక పెళ్లికి వెళ్లాం. బయట దీపాలకు టోపీల్లాంటివి ఉన్నాయి, వెలుగు నేల మీదే పడుతోంది. రాత్రి పదకొండింటికి మా అబ్బాయి పార్కింగ్‌లో నిలబడి "నాన్నా, ఇన్ని చుక్కలు ఎక్కడివి" అన్నాడు. మా ఇంటి నుంచి గంట దూరం కూడా లేదు. అయితే తూర్పున ఆస్టిన్ వెలుగు మాత్రం అక్కడా ఆగలేదు, ఆకాశం ఆ పక్క తెల్లగానే ఉంది. కాబట్టి మీ ఒక్క పల్లె చాలదు. జమ్మలమడుగు, మైలవరం కూడా కలవాలి.

ఆరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ ఇంకా పాత కథ. ప్లూటోను 1930లో కనిపెట్టిన లోవెల్ అబ్జర్వేటరీ ఉన్న ఊరు. 1958లోనే ఆకాశంలోకి తిప్పే ప్రకటనల సెర్చ్‌లైట్లను నిషేధించింది. మీ రిసార్టు లైటు విషయంలో పంచాయతీకి చూపించాల్సింది ఇదే. 2001లో ప్రపంచంలో మొదటి డార్క్ స్కై నగరం అయింది. మధ్యలో నలభై ఏళ్లకు పైగా ఊరు పెరుగుతూనే ఉంది.

---

చలిలో చుక్కలు:

హన్లే వెళ్లొచ్చాను, కాబట్టి రెండు మాటలు. లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న అబ్జర్వేటరీ చుట్టూ 22 కిలోమీటర్ల మేర 2022 డిసెంబరులో డార్క్ స్కై రిజర్వ్ ప్రకటించారు. నేను దిగిన ఇంటామె స్థానికులకు ఇచ్చిన ఖగోళ శిక్షణ పొందిన 24 మందిలో ఒకరు. పగలు పశువులు, రాత్రి టెలిస్కోపు. కిటికీలకు మందపాటి నల్ల తెరలు, ఊరి లోపల కార్లకు హై బీమ్ వద్దని చెప్తారు. నేను మొబైల్ టార్చ్ వేస్తే ఆమె నా చేతిలో ఎర్ర ప్లాస్టిక్ కాగితం పెట్టి టార్చ్‌ను దాంతో మూయమంది. ఎర్ర వెలుగులో కళ్లు చీకటికి అలవాటు పడింది పోదట.

హన్లేకు లేనిది మీకు ఒకటి ఉంది. హన్లే ఉత్తరాన చాలా పైన ఉంది, అక్కడ దక్షిణ శిలువ అనే చుక్కల గుంపు కనిపించదు. గండికోటలో ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన దాదాపు 15 డిగ్రీల ఎత్తులో నిలబడుతుంది. ఉత్తరాన ధ్రువ నక్షత్రమూ దాదాపు అంతే ఎత్తు. రెండూ ఒకే రాత్రి చూపించగలిగిన ఊరు మీది.

---

పెన్నా గట్టు:

అందరికీ దండాలు. సభ నిన్న అయింది.

చెల్లెమ్మ చెప్పినట్టే వదినతో కలిసి రెండు సాయంత్రాలు ఊరంతా తిరిగాను. ఆమె పదిహేడు చోట్ల సున్నం గుర్తు పెట్టించింది. అందులో ఎనిమిది నాకు తోచనే తోచలేదు. గంగమ్మ గుడి వెనక మలుపు, బోరింగు దగ్గర జారుడు బండ, ఇలాంటివి. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి ఆ మలుపులో రాత్రి నడవాల్సిన అవసరం నాకు ఒక్కసారీ రాలేదని అప్పుడు తెలిసింది.

ప్రొద్దుటూరాయన చెప్పింది కూడా చేసి చూశాం. మా వీధిలో ఉన్న దీపానికి పంచాయతీ కరెంటు కుర్రాడు పైపు చదును చేశాడు. నూనె డబ్బా రేకు కోసి నేను టోపీలా వంచి ఇస్తే బిగించాడు. చీకటి పడ్డాక వదినను కింద నిలబెట్టి అడిగితే, కాలవ అంచు ముందుకన్నా తెల్లగా కనిపిస్తోందంది. మిద్దె ఎక్కి చూస్తే దీపమే కనిపించడం లేదు, నేల మీద వెలుగు మడుగు ఒకటి కనిపిస్తోంది. సర్పంచ్‌ను కూడా మిద్దె ఎక్కించాను. ఆయన కాసేపు కింద చూసి, తరవాత పైకి చూస్తూ ఉండిపోయాడు.

సభలో వదినే మాట్లాడింది. కరెంటు లెక్క కాగితం నేను చదివాను. రచ్చబండ దగ్గర హైమాస్ట్ బదులు పదిహేడు చోట్లా 3000 కెల్విన్ దీపాలు, పైపు చదునుగా, మూడేళ్ల మెయింటెనెన్స్‌తో అని తీర్మానం రాశారు. బస్సు ఆగే చోట మాత్రం హైమాస్ట్ వస్తుంది. చదువుకునే ఆడపిల్లలు పొద్దుపోయాక అక్కడ దిగుతారు, వాళ్ల తల్లిదండ్రులు పట్టుబట్టారు, నేను ఎదురు చెప్పలేదు. దాని దీపాలు కిందికి తిప్పించి, ఆఖరి బస్సు పోయాక రెండు మాత్రమే వెలిగేలా చూస్తామన్నారు. ఆ మాట కాగితం మీదికి ఎక్కలేదు. స్తంభం లేచే రోజు నేను అక్కడే నిలబడతాను.

రిసార్టు వాళ్ల దగ్గరికి ఇంకా వెళ్లలేదు. వచ్చే అమావాస్యకు వాళ్ల మేనేజరును మా కళ్లానికి పిలిచాను. వస్తానన్నాడు. వదిన కూడా వస్తానంది, ఆ ఉప్పు పోసినట్టుండే చుక్కలేవో తనకూ చూపించమంది.